మాయమ్మ ముందరి మూడు గిన్నెలు

"అవ్వా, మీ అమ్మను గీసిన ఆ బొమ్మ మా పాప బడి పుస్తకంలో వచ్చింది. ముందర బోర్లించిన మూడు గిన్నెలూ కరువులో పోయిన ముగ్గురు బిడ్డలకు గుర్తని రాసినారు. చదివి ఏడ్చింది. పూణేకు పోయినాక దానికేం చెప్పల్ల?"

పోయినారా? యా ముగ్గురప్పా? ఆ బొమ్మ ఉండే ఫోను ఇట్ల తే. ఆఁ, మాయమ్మే. ఆలూరు పక్కన మా పల్లెలో, పట్నం నుంచి ఒగాయన వచ్చి మా గుడిసె ముందరే గీసినాడు. ఈ సొట్టగిన్నె నాది. ఇది మాయన్నది. ఆయప్ప మనవళ్ళను ఎత్తుకున్నాంకనే పోయినాడులే. ఈ సిన్నది మా చెల్లెలిది, ఎమ్మిగనూరులో ఉండే మీ చిన్నవ్వది. మొన్న ఉరుకుంద జాతరకు పోతే బస్సులో నాతో కొట్లాడింది. సచ్చిపోయినోళ్ళు కిటికీ సీటుకు కొట్లాడతారా?

అది గంజి కరువప్పా. వానల్లేవు. మా నాయన ఆదోనికి పోయినాడు, పత్తి మిల్లులో మూటలు మొయ్యను. కాదు కాదు, ముందు హోస్పేట కాడ డ్యాము పనికి పోయినాడు, మిల్లు ఆ యెనకాల. అంతకు ముందు రూపాయకు కొన్న జొన్నలు మోసుకొచ్చేకి నడుము నొచ్చేదంట. ఆ యేడు అంగట్లో జొన్నలే లేవు, రూపాయ ఉంటే మాత్రం ఏం జేస్తావు? సర్కారోళ్ళు ఆలూర్లో గంజి పోస్తాండ్రి. మాయమ్మ పొద్దున్నే పోయి, చెంబులో పోయించుకోని, ఎండలో నడిసి వచ్చేది.

ఆ పట్నమాయన కరువు బొమ్మ గీయల్లని వచ్చినాడు. మాయమ్మను కూసోమన్నాడు.

"బిడ్డలు తాగనీ సామీ, ఆయింక గీసుకో" అనింది.

మేం తాగినాం. నీళ్ళు యాడివి, ఇసుకతో తోమి ముందర బోర్లించింది. తిన్న గిన్నెనే గదప్పా తోమి బోర్లిచ్చేది? పుస్తకం రాసినాయన్ని తప్పు పట్టొద్దులే. బిడ్డలు పోయిన ఇండ్లు కూడా శానా ఉండె. మా ఇంట్లో పోలేదు, అంతే. మొగం అంత గట్టిగా ఎందుకు పెట్టిందంటావా? మేం ఆ గీసేటాయన యెనకాల నిలబడి ఆయన్ను ఎక్కిరిస్తాంటిమి. మమ్మల్ని కండ్లతోనే బెదిరిస్తాండె.

ముగ్గురూ బతికినారని సెప్పు పాపకు.

"ఇంకోటి కూడా అడిగిందవ్వా. బొమ్మలో ఉండే ఆ అమ్మ గిన్నె ఏదీ అని."

ఆమెదా? ఏదీ, మళ్ళీ సూపీ.

...లేదు గదా.

"నేను ఆడనే తాగొచ్చినా" అంటాండె. దినామూ అదే మాట. తాగే ఉంటాది. అందరికీ పోస్తాండ్రి గదా, ఆమెకు మాత్రం పోయరా... ఏమోనప్పా. పోసింది చెంబులోకే పట్టుకొచ్చెనో ఏమో. మేం అడిగింటే గదా తెలిసేది. సిన్నపిల్లోళ్ళం. ఇన్నేండ్లు ఈ బొమ్మ సూసినా, నాకు నా గిన్నే కనపడె.

పాపకు అబద్ధం సెప్పొద్దు నాయనా. బిడ్డలు బతికినారని సెప్పు. తల్లి సంగతి అవ్వకు కూడా తెలీదంటని సెప్పు. అంత సిన్నది, అడిగింది సూడు. సల్లగుండనీ. ఊరు కాని ఊర్లో బిడ్డలను ఎట్ల పెంచుతాండానో అని దిగులు పడతావు గదా నువ్వు. పడాకు. తల్లి తినిందా లేదా అని అడిగే బిడ్డ నీ ఇంట్లో ఉండాది, ఇంకేం కావల్లప్పా...