వరండా వెలుతురులో ఒక చూపు

1969 జూలై 14న శ్రీమతి దేవకి గారు ఇచ్చోడ ప్రభుత్వ దవాఖానాలో నర్సుగా బాధ్యతలు స్వీకరించిన ఉదయం ముసురు పట్టి ఉందట. వార్డు బల్బు పసుపు వెలుగులో కామెర్లు సరిగా తెలియవని, వారు రోగిని మెల్లగా వరండాలోకి నడిపించి, రెప్ప ఎత్తి, ఆ వాన వెలుతురులో కంటి తెలుపును పరిశీలించారు. ఖానాపూర్‌లోనూ, అటుపైన కరీంనగర్‌లోనూ వారి ప్రతి ఉదయం అలాగే మొదలైంది.

ఆ కళ్లలో పసుపు తగ్గితే వారి ముఖం విప్పారేది. కాలేయం పూర్తిగా చెడినవారికి మాత్రం ఓదార్పు తప్ప ఇవ్వగలిగింది లేదు. దూరదేశాల్లో కాలేయం మారుస్తున్నారని, అయితే పరాయి అవయవాన్ని శరీరం తిప్పికొట్టడం వల్ల బతికినవారు తక్కువేనని వార్డు డాక్టర్ సుదర్శన్‌రావు గారు చెబుతుండేవారు. ఎనభైలలో ఆ తిరస్కారాన్ని అణచే మందులు మెరుగుపడ్డాయి. 1994లో అవయవదానానికి చట్టం వచ్చింది. తల్లి కాలేయంలో ఒక భాగంతో బిడ్డను బతికించవచ్చన్న కబురూ చేరింది. ఒక్కో కబురుకూ దేవకి గారు వరండాలో నిలబడి ఆకాశంకేసి చూసేవారు, ఎక్కడో కురుస్తున్న ఆ వాన తమ వార్డు దాకా ఎప్పుడొస్తుందా అన్నట్టు.

1998లో చొప్పదండి నుంచి రెండేళ్ల నర్మద వచ్చింది. పుట్టుకతో వచ్చిన పిత్తనాళాల లోపం వల్ల కాలేయం గట్టిపడింది. ఒక మహానగరపు ఆసుపత్రి కాలేయ మార్పిడికీ, ఆ ఖర్చు భరించడానికీ ఒప్పుకుంది. తల్లి బాలలక్ష్మి తన కాలేయంలో భాగం ఇస్తానన్నది. కానీ మరమగ్గం నడిపే ఆ ఇంట్లో మాట చెల్లేది నాయనమ్మ కమలవ్వది.

“కోడలి కడుపు గోసి కార్జం దీస్తరా? ఇద్దరు బోతె మేమేం గావాలె?”

“తీసిన కార్జం మళ్ల పెరుగుతది అవ్వా.”

“నువ్వు జూసినవా?”

చూశానంటే పని జరిగిపోయేది. కానీ దేవకి గారు ఉన్నమాటే చెప్పారు.

“చూడలే. డాక్టర్లు చెప్పిన్రు. ఇద్దరికీ కష్టమే. పిల్ల బతుకుతదని మాట గూడ ఇయ్యలేను. చెయ్యకుంటె మాత్రం దక్కదు.”

కమలవ్వ మనుమరాలిని ఒళ్లోకి తీసుకొని పొట్ట నిమిరింది.

“చూడలేదని జెప్పినవు, గందుకే నమ్ముతున్న. పోతం. నేనే జూసొచ్చి నీకు జెప్త తియ్యి!”

ఆపరేషన్ తరువాత ఒకసారి నర్మద శరీరం కొత్త కాలేయాన్ని తిప్పికొట్టబోయింది. మందులు పెంచి నిలబెట్టారన్న కబురు అందేదాకా దేవకి గారు కలలో నడుస్తున్నట్టే పని చేశారని తోటివారు చెబుతారు.

మొన్న, ఆపరేషన్ అయిన ఏడాదికి, దేవకి గారి ఉద్యోగ విరమణకు కొద్దిరోజుల ముందు, కమలవ్వ కోడలినీ మనుమరాలినీ వెంటబెట్టుకొని వార్డుకు వచ్చింది.

“కోడలి కార్జం పెరిగిందట సిస్టరమ్మా, మిషిన్ల జూసి చెప్పిన్రు. పిల్లను నువ్వే జూస్కో.”

దేవకి గారు నర్మదను వరండాలోకి ఎత్తుకుపోయి రెప్ప ఎత్తారు.

“ఏం జూస్తున్నవ్?” అని పిల్ల కిలకిల నవ్వింది.

“ఏం లేదు బిడ్డా, ఏం లేదు” అన్నారు వారు. ఆ కంట్లో తెల్లని ఉదయం తప్ప మరేమీ లేదు.

ఈ నవంబరు నెలాఖరున సెలవు తీసుకుంటున్న దేవకి గారికి, ఇంతకాలం ఇతరుల కళ్లలో వెతికిన అటువంటి ఉదయాలు ఇకమీదట తీరికగా, నిండు ఆరోగ్యంతో, నూరేళ్ల దాకా తమ వాకిట్లోనే తెల్లవారుతుండాలని మనసారా కోరుకుంటున్నాము.