ఎవరిస్తో హెక్స్ ప్రతాపం

మోంతెవిదేయోలో సాయంత్రం నదిగట్టు గోడమీద నలుగురు చేరారంటే మాతే ఆకు కషాయం నింపిన సొరకాయ బుర్ర చేతులు మారుతూనే ఉంటుంది. ఎవరిస్తో అనే ఆయన చేతికొచ్చిందా, అక్కడే ఆగిపోతుంది.

"ఒరే, అది మైకు కాదు! తాగి ఇటు తగలెయ్," అన్నాడు వాల్దెమార్.

ఎవరిస్తో వింటేగా! ఈ మిత్రులంతా కలిసి ఊరికే పంచిపెట్టే టెక్స్ట్ ఎడిటర్ ఒకటి రాస్తున్నారు. దానికి ఆయన ప్రయోగంగా, ఫైలు లోపలి బైట్లను చూపి మార్చనిచ్చే హెక్స్ సదుపాయం తగిలించాడు. ఎందుకో అందరికీ తెలుసు. పోయిన భార్య మిర్తా ఆఖరిసారి మాట్లాడి పంపిన ఆడియో ఫైలు పాడై తెరుచుకోదు. ఆ మాట మాత్రం ఎవరూ ఎత్తరు.

"మామూలు ఎడిటర్ అక్షరాలు చూపిస్తుంది. నాది ఫైలు పొట్ట చీల్చి పేగులు లెక్కపెడుతుంది! ఒక్కో బైటూ రెండేసి గుర్తులై వరసన నిలబడుతుంది, నచ్చనిదాన్ని పీకి ఇంకోటి పెట్టడమే. మొన్న మేనల్లుడి పెళ్లిఫొటో చెడిపోతే ఒక్క బైటు సరిచేశా, టక్కున తెరుచుకుంది."

"ఇంతవరకూ నమ్ముతాం," అన్నాడు వాల్దెమార్.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? చెయ్యి ఊరుకోక ఇంకోటి మార్చా, ఫొటోలో మూతి ముడుచుకున్న అత్తగారు ఫక్కున నవ్వింది! పక్కదాన్ని కదిపానో లేదో కేకు మీది మీగడ కరిగి కీబోర్డు మీద పడింది."

"ఆ మీగడ నాకి చూశావా?"

"నాకకేం, తియ్యగా ఉంది! ఇక ఆ ఊపులో ఆటుపోట్ల ఫైలు తెరిచానా, సున్నా తీసి హెక్స్‌లో అన్నిటికన్నా పెద్దదైన ఎఫ్ పెట్టానా, నది ఆవలి గట్టెక్కి బ్యూనస్ ఎయిరిస్ వాళ్ల పంట్లాలు తడిపింది. ఆకాశం ఫైలైతే చెప్పకూడదు గానీ, రెండు బైట్లు అటూ ఇటూ చేసేసరికి చంద్రుడు సిగ్గుపడి వీపు తిప్పాడు!"

వాల్దెమార్ పొట్ట పట్టుకున్నాడు. మిర్తా చెల్లెలు నేలిదా మాత్రం నవ్వలేదు. ఎడిటర్‌కి ఎవరేం రాసినా చదివి సరిచూసేది ఆమే.

"బావా, నీ కోడు పొద్దున్నే చదివా. అందులో సేవ్ చేసే భాగమే లేదు. చంద్రుణ్ణి ఎంత తిప్పినా, ఎడిటర్ మూయగానే మళ్లీ మొదటికే."

"దొరికాడు దొంగ!" అని గోడ చరిచాడు వాల్దెమార్.

ఎవరిస్తో నీళ్లకేసి చూశాడు.

"సేవ్ పెట్టడం మర్చిపోయేవాడివి కాదే," అంది నేలిదా మెల్లగా. "అక్క ఫైలు పాడవుతుందని భయమైతే నకలు తీసుకోవచ్చుగా."

"నకళ్లకేం తల్లీ, బోలెడున్నాయి. సేవ్ చేసి వింటే, మీ అక్క అప్పుడూ పలక్కపోతే?"

"అప్పుడు ఇంకోలా చూద్దాం."

"ఇప్పుడైతే రోజూ ఇంటికెళ్లి ఒక్క బైటు మారుస్తా," అన్నాడు ఎవరిస్తో. "రేపు మాట్లాడుతుందిలే అనుకుని పడుకుంటా."