గాలి లేంది సముద్రం లేస్తదా?

ఏమన్నవు బిడ్డా? ఇంకోపారి చెప్పు, ఆ టీవీ సప్పుడు జర తగ్గిచ్చి చెప్పు. సముద్రం అడుగున భూమి పగిలి ఒక పక్క పైకి లేస్తే, మీదున్న నీళ్ళన్ని ఎగదన్నుకోని నలుదిక్కుల ఉరుకుతయా? అదిరేది ఒక కాడ, అల కొట్టేది ఇంకో కాడనా? అంటే బజార్ల పడుగు నూలు సాపినప్పుడు ఆ కొసకు తడితే ఈ కొసకు అదురుతది సూడు, గట్లనా? గాలి లేకున్నా వస్తదా? ఒడ్డు మీదున్నోనికి కాళ్ళ కింద భూమి కదిలింది ఎరిక లేకున్నా? ఇసిగిచ్చుకోకు, సదువుకున్నదానివని అడుగుతాన. మద్రాసు దిక్కు గంతమంది పోయిన్రంటే పొద్దటిసంది బువ్వ సయిస్తలేదు. మీ నాయినమ్మ ఉంటే నాలుగు తిట్టి తినిపిచ్చేది. ఇప్పుడు తిట్టెటోళ్ళు గూడ లేకపాయె.

మా లచ్చవ్వ వదినె అని ఉండె. నీకేడ ఎరిక, మీ బాపుకే ఎరిక లేదు. మా మొండయ్యన్న పెండ్లాం. జర్మనీ లడాయి నడిచినన్ని రోజులు నూలు కంట్రోలు పెట్టిన్రు. మన కాశిబుగ్గల మగ్గాలన్ని ఊకెనే పడి ఉండె. మా అన్న బొంబాయి పోయి మిల్లుల పడ్డడు. ఇప్పటి లెక్క ఫోన్లా పాడా, ఎవలన్న అటునుంచి వస్తె ముచ్చట తెలుస్తది, లేకుంటే లేదు. లడాయి బందైన ఏడు, చలికాలం, అన్నతోటి ఆడ ఒక్క ఖోలీ అర్రల ఉండే మొగిలయ్య వచ్చిండు. అన్న రేకు పెట్టె నెత్తిమీద పెట్టుకోని వచ్చిండు. గంత పొడుగు మనిషి, మా గడప కాడ కూలవడి ఏడ్సిండు. "రాత్రి పాళి దిగినం వదినె. మొండయ్య చెంబు పట్టుకోని సముద్రం ఒడ్డుకు బయటికి పోయిండు. నేను గోడ మీద కూసోని బీడీ ముట్టిచ్చిన. గాలి లేదు, మబ్బు లేదు, సల్లటి పొద్దు. ఉన్నట్టుండి నీళ్ళు లేచినయి వదినె, పైకి, పైకి వచ్చినయి, మళ్ళ ఎనకకు గుంజుకున్నయి. మొండయ్య లేడు. కరాచీ అవతల సముద్రంల భూమి అదిరిందట, అందుకేనట" అన్నడు. పీనుగ దొరకలే.

మాకెవలికి సముద్రం ఎరికనే లేదు బిడ్డా. పాకాల చెరువు సూసి వచ్చినోడే మా అందర్ల గొప్పోడు. కులపెద్ద సారయ్య పెదనాయిన అరుగు మీద కూసోని, తువ్వాల దులిపి, "ఏందిరా మొగిలిగా, మా చెవుల పువ్వులు పెడుతానవా? గాలి లేంది సముద్రం లేస్తదా? కరాచీల భూమి అదిరితే బొంబాయిల మనిషి మునుగుడేందిరా? వాడు ఆడ ఎవతెనో పెట్టుకున్నడు, పెట్టె ఇచ్చి నిన్ను తోలిండు" అన్నడు. అందరు నవ్విన్రు. కాదు కాదు, అందరు నవ్వలే. మా అవ్వ నవ్వలే. ఆమె మొఖం ఎలిగింది. కొడుకు దొంగోడైనా సరే, ఎవతెతోటి ఉన్నా సరే, యాడనో ఒక కాడ బువ్వ తింటాండన్నట్టే గదా! మా వదినెకు ఏమో మొగడు తనను ఇడిసిపెట్టిపోలేదన్నదే గావాలె, గంతే. సచ్చినా సరే మంచోడై ఉండాలె. ఒక్క ఇంట్ల ఇద్దరాడోళ్ళు, ఒక్కని కోసమే ఏడుస్తాన్రు, ఒకలకొకలు పడరు. నేను మగ్గం గుంతల కూసోని ఇనేటోన్ని. ఎవల దిక్కు మాట్లాడాల్నో సమజ్ కాకపోయేది.

దినాలు చెయ్యమని అడిగింది వదినె. "బతికున్నోనికి దినాలు చేస్తారే?" అని సారయ్య పెదనాయిన ఎవల్ని రానియ్యలే. ఆమే చేసుకున్నది. గాజులు తనే రాయికేసి కొట్టుకున్నది. మట్టెలు గుంజుకున్నది. బొట్టు తుడుసుకున్నది. తోడు ఏడ్సెటానికి ఒక్క ఆడిమనిషి రాలే. అవ్వయితే "నా కొడుకును సంపుతానవానే!" అని రొమ్ము గుద్దుకున్నది. పిట్టకు బువ్వ పెట్టి ఒక్కతే నిలవడ్డది. నేను పోయి పక్కకు నిలవడ్డ. 

ఇగ అప్పటిసంది ఆమెకు మనుషులు లేకపోయిన్రు. ముత్తైదులు పేరంటానికి పిలిస్తె పోకపోయేది. ముండమోసినోళ్ళు తమల కలుపుకోకపోయిరి. వేరే పొయ్యి పెట్టుకోని, ఎనక అర్రల నూలు కండెలు సుట్టుకుంట బతికింది. బతుకమ్మనాడు ఆడోళ్ళంత బజార్లకు పోతె ఇంట్ల రాట్నం సప్పుడొక్కటే ఇనవడేది. గా సప్పుడు నాకింక యాదికున్నది. నేనేమన్న అడిగితె "మీ అన్న గసొంటోడు కాదు మరిదీ" అనేది. ఇంకో మాట లేదు. ఇయ్యాల నువ్వు చెప్పిన ముచ్చట ఒక్కడన్న అప్పుడు చెప్పి ఉంటే ఎట్లుండేదో! నువ్వు ఎప్పుడో పుడితివి. వాళ్ళు ఎప్పుడో సచ్చిరి.

వదినె జరం వచ్చి పానం ఇడిసింది, ఇంక తల నెరవకముందే. దవాఖానకు తీస్కపోదామంటే రాలే. పీనుగకు తానం పోసి పండవెట్టినం. మా అవ్వ అప్పటికి కండ్లు కనవడని ముసలిది. గోడ పట్టుకోని, తడుముకుంట వచ్చింది. వదినె మొఖం మీద చెయ్యేసి నొసలు దేవులాడి, ఇంత పెద్ద కుంకుమ బొట్టు పెట్టింది. "నా కోడలు ముత్తైదు. మొగడుండంగ పోయింది, అదృష్టమంతురాలు" అన్నది. అన్ని రోజులల్ల నా కోడలు అన్నది గదే మొదటిసారి. వదినె ఒద్దన్న బొట్టది, నాకెరికే. అక్కడున్నోళ్ళందరికి ఎరికే. కానీ, ఎవల చెయ్యి లేవలే. అవ్వ చెయ్యి పట్టుకుంటే, నీ కొడుకు సచ్చిండే అని చెప్పినట్టే గద బిడ్డా. ఎట్ల చెప్తం?

ఊఁ... నల్లా వచ్చినట్టున్నది. పో, బిందె పెట్టు.