రెండొందల గ్రాముల రాయి

తగ్గడమేంటి నర్సమ్మా? ముప్ఫై గ్రాములు తగ్గిందని పుస్తకంలో రాసేసుకోవడమేనా, పిల్ల మొహం చూసేది లేదా? పోయినవారం ఆ బుగ్గల మీద ముడతలుండేవి. ఇప్పుడున్నాయా? తొడ పట్టుకు చూడు. చర్మం వదులుగా వేళ్ళలోకి వచ్చేస్తోందా?

పట్టుకోవు. మీకు వేళ్ళతో పనేముంది, కాటా ఉందిగా.

సంచి సర్దుకోమని కోడలికి అప్పుడే చెప్పేశావు. ఇంకా నెల నిండని బాలింత. నువ్వా మాట అన్నావో లేదో, లోపలికి పోయి బట్టలు మడతపెడుతూ ఏడుస్తోంది. వినపడుతోందా? దానికి నోట్లో నాలుక లేదు కాబట్టి దాని బదులు నేను మాట్లాడతాను. ఆసుపత్రికి ఎవరూ రావడం లేదు. కూర్చో. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి, గోడకి ఆన్చుకుని కూర్చో.

తూకం గురించి మాత్రం నాకు చెప్పకు. నలభై ఏళ్ళు కూరగాయల కొట్టు నడిపినదాన్ని. చదువంటావా, నా పేరు నాలుగక్షరాలు రాస్తాను, అంకెలు పోల్చుకుంటాను, అంతే. కానీ త్రాసు ముల్లు నడిమికొచ్చి నిలబడేదాకా చెయ్యి తీసేదాన్ని కాదు. తూనికలవాళ్ళు ఏటేటా వచ్చి నా రాళ్ళకి ముద్రలేసి పోయేవాళ్ళు. ఏ ఒక్క రాయినీ పక్కన పెట్టిన పాపాన పోలేదు. ఎదురుకొట్టువాడు రాళ్ళ అడుగున తొలిచేసేవాడు. వాడితో పాతికేళ్ళుగా మాటల్లేవు. వాడు పోయి రెండేళ్ళయింది. అయినా లేవు.

ఏంటి, పిల్ల వేరు, బంగాళాదుంప వేరా? ఆ మాత్రం తెలుసు. బంగాళాదుంప రోజురోజుకీ ఎండి తగ్గుతుంది. ఇది పెరగాలి.

పుట్టినప్పుడు పదిహేడొందల గ్రాములు. నా రెండు అరచేతుల్లో పెడితే ఇంకా చోటు మిగిలింది. పక్కింటావిడ చూడ్డానికొచ్చి, ‘ఎలుకపిల్లలా ఉందే’ అంది. ఆవిడకిక ఈ జన్మలో మా గుమ్మం తొక్కే యోగం లేదు. నేను పిచ్చుక అని పిలుచుకున్నాను. పిచ్చుకైతే ఎగురుతుంది కదా.

పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉంచి, ఇంటికి తీసుకెళ్ళండి, వారం వారం నర్సు వచ్చి తూస్తుందన్నారు. నువ్వొచ్చావు. మొదటిసారి పదిహేడొందల ఇరవై వచ్చింది. ఆ రోజే గోడకి ఈ పటం అంటించావు. తల్లి గుండెల మీద పిల్ల, చర్మానికి చర్మం తగిలేలా. మంచి పద్ధతి వచ్చింది అన్నావు. నాకు నవ్వొచ్చింది. మా అత్త ఏ పటం చూసి చేసింది? నా రెండోవాడు, ఈ పిల్ల తండ్రి, ఇందాక నీకు తలుపు తీశాడే, ఆ తలుపులో పట్టనివాడు, వాడూ ఇంతే పుట్టాడు. మా అత్త వాడి తలకి టోపీ తొడిగి, పాత దుప్పటి చింపి నా గుండెలకి కట్టేసింది. నెలన్నర దింపనివ్వలేదు. పాలు లాగలేకపోతే పిండించి, చిన్న చెంచాతో చుక్క చుక్కగా పట్టించింది. చూడ్డానికొచ్చినవాళ్ళని గుమ్మంలోంచే పంపేసేది. దగ్గేవాడైతే వీధి మలుపులోంచే. ఆవిడంటే నాకు ఒళ్ళుమంట, అది వేరే సంగతి. ఈ ఒక్క విషయంలో మాత్రం దణ్ణం పెడతాను.

మొదటివాడా? వాణ్ణి ఆసుపత్రికే ఇచ్చాను. అద్దాలపెట్టెలో పెట్టారు. పదకొండు రోజులు నేను కిటికీకి ఇవతల. తాకితే జబ్బులంటుతాయన్నారు. పన్నెండో రోజు చేతికిచ్చారు. అప్పుడిక ఏ జబ్బూ అంటదు కదా.

ఆ రోజులు వేరు, ఇప్పుడు తల్లిని పక్కనే ఉండనిస్తారు అంటావు. కావచ్చు. మొన్న ఆ పన్నెండు రోజులూ నేను బయట మెట్లమీదే కూర్చున్నాను, లోపలికి అడుగుపెట్టలేదు. నువ్వు మంచిదానివే. కానీ నా కాళ్ళకి ఆ సంగతి ఎవరు చెప్పాలి?

ఏదీ, ఆ అంకెలు మళ్ళీ చదువు. పోయినవారం పంతొమ్మిదొందలు. ఇవాళ పద్ధెనిమిదొందల డెబ్భై. తగ్గితే చేర్చాల్సిందే. అంతేగా నీ రూలు?

ఇదిగో, ఇక్కడే నేను దెబ్బతిన్నాను. నా కొట్లో తూకమంటే, తూచి సంచిలో వేస్తే అయిపోయినట్టే. మర్నాడు కొత్త తూకం. నిన్నటి తూకం వచ్చి ఇవాళ్టిదాని పక్కన కూర్చుని సాక్ష్యం చెప్పదు. నాకూ ఒక పుస్తకం ఉండుంటే ముందే తట్టేది.

ఆ తలుపు దగ్గరికి వెయ్యి. కోడలు వినకూడదు. వాడు అసలే వినకూడదు.

మొదటిసారి వచ్చినప్పుడు నువ్వేం చెప్పి వెళ్ళావు? వచ్చేవారానికి పద్ధెనిమిదొందలు దాటకపోతే మళ్ళీ ఆసుపత్రేనన్నావు. ఇంకోటి కూడా చెప్పావు, రెండు కిలోలు దాటేదాకా స్నానం పొయ్యొద్దని. నేను రోజూ పోశాను. ఒళ్ళు రుద్ది నీళ్ళు పోస్తేనే పిల్ల గట్టిపడుతుందని నా పట్టుదల. పోసినప్పుడల్లా పెదాలు నీలంగా మారేవి. మళ్ళీ ఒళ్ళు వెచ్చబడడానికి గంట పట్టేది. ఆ గంటా పాలు ముట్టేది కాదు. మా అత్తా స్నానం పొయ్యనిచ్చేది కాదు. ఆ ముక్క మర్చిపోయాను. పోనీ, కావాలనే మర్చిపోయాను అనుకో. ఆవిడ మాట ఒక్కటైనా కాదనకపోతే నాకు నిద్రపట్టదు.

పోయినవారం నువ్వొచ్చే రోజు, పొద్దున్నే అరచేతిలోకి తీసుకుంటే తెలిసిపోయింది. పెరగలేదు. పైగా ఇరవై తగ్గింది. నా చెయ్యి తప్పు చెప్పదు.

నువ్వు ముందు గుడ్డని విడిగా తూచావు గుర్తుందా? పిల్లకి చలి తగలకుండా అదే గుడ్డలో చుట్టి ఇమ్మన్నావు. చుట్టింది నేనే.

మంచం కింద రేకుపెట్టె ఉంది, ఇలా లాగు. ఆ మూలన. ఊఁ, అదే. రెండొందల గ్రాముల రాయి. గుడ్డ మడతలో, కాళ్ళకి ఇవతలగా పెట్టాను. ఇనుము చల్లగా ఉంటుందని ముందు నా గుప్పిట్లో వెచ్చబెట్టి మరీ పెట్టాను.

నీ కాటామీద పెట్టి చూడు. పెట్టవమ్మా. ఎంతొచ్చింది? రెండొందలు. ముద్రపడి ఎన్నేళ్ళయిందో, ఒక్క గ్రాము అరగలేదు.

ఆ రెండొందలూ తీసెయ్. పోయినవారం పదిహేడొందలే. ఇవాళ పద్ధెనిమిదొందల డెబ్భై. నూట డెబ్భై పెరిగింది. నువ్వు వెళ్ళిన సాయంత్రం నుంచి స్నానం మానేశాను. నువ్వు చెప్పావని కాదు. నాకే తోచింది. పిల్లని కింద పెట్టలేదు. కోడలి గుండెల మీద, అది లేస్తే నా గుండెల మీద, పని నుంచి వచ్చి వాడు చొక్కా విప్పి పడుకుంటే వాడి మీద. ఆ వెంట్రుకల్లో నిజంగానే పిచ్చుక గూడు కట్టుకున్నట్టుంటుంది.

అలా చూడకు. తప్పు కాదనను. ఆ రోజు మళ్ళీ వస్తే పెట్టననీ అనను. తగ్గుతున్న పిల్లని నీ కళ్ళకి కనపడకుండా చేశాను. ఈ వారంలో దానికేమైనా... వద్దు. ఆ మాట నేను అనను, నువ్వూ అనకు.

పుస్తకంలో కొట్టెయ్. ఎర్రసిరాతో కొట్టినా సరే. పక్కన సంతకం కావాలంటే పెడతాను, నాలుగక్షరాలకీ టైం పడుతుంది, తొందరపెట్టకు. నమ్మకం లేకపోతే రేపు రా, ఎల్లుండి రా. గది వెచ్చబెట్టి ఉంచుతాను, గుడ్డ లేకుండానే తూచుకో. నేను ముట్టుకోను, గోడ దగ్గర నిలబడతాను. రేపటికి తగ్గిందా, సంచి నేనే మోసుకొస్తాను. ఇవాళ మాత్రం సర్దనివ్వను.

వెళ్ళేటప్పుడు ఆ రాయి నీతో తీసుకుపో. కొట్టు మూసేసినప్పుడు రాళ్ళన్నీ ఇచ్చేసి, ఇదొక్కటే దాచుకున్నాను. నలభై ఏళ్ళు నేనెవర్నీ మోసం చెయ్యలేదని చూపించుకోడానికి.

ఇంట్లో ఉంచకు. రేపు పిచ్చుక మళ్ళీ తేలికైతే, నా చేతుల మీద నాకు నమ్మకం లేదు.