పల్లంలో చూడాల బండిని

"అమ్మమ్మా, ఫోన్ ఆన్ చేసా. అరకు వెళ్ళిన బండి నువ్వే చూసి తీయించావంట గదా, ఎట్టా చూసావో చెప్పు."

ఎట్టా చూడటమేంటే, కళ్ళతోనే చూసా. నవ్వమాక. ఊళ్ళో అందరూ ఏమనుకుంటున్నారంటే, మీ మావయ్య సుధాకర్ బండి కొని, పోన్లే ముసల్ది గదా అని నన్ను ఎక్కించుకెళ్ళాడని. అదేం కాదు. వాడు ఒక బండికి మాటిచ్చొస్తే, వద్దని తిప్పి పంపింది నేను. అది రాసుకో ముందు. రాయటం లేదా? రికార్డింగా? సరే, ఇదీ పడనీ అందులో.

ఆ గది చూసావుగా నువ్వు, చక్రాల గది. జగ్గయ్యపేటలో వెల్డింగ్ షాపాయన చేత చేయించాడు మీ మావయ్య. పెళ్ళిళ్ళకి అద్దెకిద్దామని, పెళ్ళికూతురు చీర మార్చుకోటానికి, ఆడోళ్ళు లోపలికి వెళ్ళి రావటానికి. రెండు మంచాలు, మంచాలు కాదులే, బల్లలే, వాటి మీద పరుపులు. నీళ్ళ ట్యాంకు. మూల తలుపు తీస్తే కుర్చీలో కూర్చున్నట్టు కూర్చునే లెట్రిను, లోపల గడియ. ఇంక దాన్ని లాగటానికి బండి కావాల. వాడు సామాన్లు గూడా తోల్తాడు గదా, ముందు అయిదుగురు కూర్చునేట్టు, వెనక తొట్టి ఉండేట్టు పికప్పు చూస్తున్నాడు. నేను ఆ గదిలోకెళ్ళి, గడియేసుకుని కాసేపు కూర్చుని బయటికొచ్చి చెప్పా, "ఒరే, ఇది పెళ్ళిళ్ళకి తర్వాత పోద్ది. ముందు మా ముఠా అరకు పోవాల" అని.

ముఠా అంటే మిరపకోతల ముఠా. వత్సవాయి నించి ఇరవై మంది ఆడోళ్ళం, నేను మేస్త్రిని, నలభై ఏళ్ళు. ఇప్పుడు తిరగ్గలిగినోళ్ళం నలుగురమే. నేను, కోటమ్మ, ఎస్తేరు, సుశీల. మిగతావాళ్ళలో సగం మంది పోయారు, సగం మంది మంచం దిగలేరు.

ఇంట్లో అందరూ లేచారు నా మీద. ఈ వయసులో కొండలేంటి అని. మీ అమ్మయితే, టీచరమ్మ గదా, స్కూల్లో వాళ్ళు ఏమనుకుంటారో అని దానికి. ఏమనుకుంటే నాకేంటే? వాళ్ళ చేలో కూలికెళ్ళానా నేను? దారిలో హోటళ్ళు ఉండవా, ఈ గదెందుకు అన్నాడు మీ మావయ్య. వాడు మగోడు, వాడికేం తెలుసు.

నీకు చెప్పటానికి నాకు సిగ్గేం లేదు. మిరపచేలో ఎక్కడికి పోతావు నువ్వు? మొక్క నడుం దాకా గూడా రాదు. ఇటు రైతు, అటు రోడ్డు. పొద్దున్నే వెళ్ళినోళ్ళం ఇంటికి చేరిందాకా ఆపుకోటమే. అందుకని నీళ్ళు తాగేవాళ్ళం కాదు. ఆ ఎండలో, ముక్కులోకెక్కే ఆ మిరపకాయల కోరులో, నీళ్ళు లేకుండా. కూలి మూడు రూపాయలప్పుడూ అంతే, మూడొందలప్పుడూ అంతే. కూలి పెరిగింది గానీ చేలో అడ్డంగా ఒక్క పరదా కట్టినోడు లేడు. ఆపుకునీ ఆపుకునీ కోటమ్మకి జబ్బు చేసింది. ఇప్పుడు దానికి గంటకోసారి వెళ్ళాల, మోకాళ్ళా వంగవు. అందుకని బస్సెక్కదు, పెళ్ళికి రాదు, పక్కనే పెనుగంచిప్రోలు తిరునాళ్ళకి గూడా రాదు. దాని మనవడు ఫోన్లో అరకు చూపించాడంట, మబ్బులు కిందుంటయ్యంట, మనం పైనుంటామంట. "మరియమ్మా, నిజమేనంటావా?" అని నన్ను పదిసార్లు అడిగింది. నిజమో కాదో చూపిద్దామని పట్టుబట్టా.

ఇంక బండి. నందిగామలో పాత బండ్లు అమ్మే చోట ఒక తెల్ల పికప్పు చూసాడు వాడు. మెరిసిపోతంది, లోపల పాటలూ అవీ. గది తగిలించి హైవే మీద పరిటాల దాకా పోయొచ్చాడు. "ఏం లాగిందమ్మా! గదున్నట్టే తెలీలా!" అంటాడు. నాకు ఒళ్ళు మండింది. "ఒరే, పరిటాల దాకా రోడ్డు బల్లపరుపు గదరా. ఆ దారిలో ఎత్తంటే ఆ పెద్ద ఆంజనేయస్వామి విగ్రహం ఒక్కటే. ఆయన మీదికెక్కించావా బండిని?" అన్నా. మనోళ్ళందరికీ ఇదే జబ్బు. ఏ బండి చూసినా ఎంత లాగిద్దని అడుగుతారు. దిగేటప్పుడు నిలబడిద్దా అని అడిగినోడు లేడు.

నాకెట్టా తెలుసంటావా? చెప్తా. అప్పుడు మీ అమ్మ కడుపులో ఉంది, కాదు కాదు, మీ మావయ్య. మీ అమ్మ నడుస్తంది అప్పటికి. కోతకని ట్రాక్టరు ట్రక్కులో ఎక్కించుకుపోతున్నారు మమ్మల్ని, మున్నేటి గట్టు దిగాల. ఎక్కేటప్పుడు బ్రహ్మాండంగా ఎక్కింది. పల్లంలోకి తిరిగిందో లేదో, వెనక ట్రక్కు బరువుకి ముందున్న ట్రాక్టరు ఆగలా. ట్రక్కే ట్రాక్టర్ని తోస్తంది! డ్రైవరు బ్రేకు మీద నిలబడ్డాడు. ఏం లాభం? అడ్డంగా తిరిగి తుమ్మచెట్టుకి కొట్టుకుని ఆగింది. దేవుడి దయ, చేతులూ కాళ్ళూ గీరుకుపోయినయ్ గానీ ప్రాణాలు దక్కినయ్. ఎస్తేరు మోచేతి మీద మచ్చ అదే, నువ్వు చూళ్ళా?

ఆ రోజు నించీ నాదొకటే మాట. ఎవరి బండైనా సరే, పల్లం దగ్గర మేం దిగిపోతాం. "ముందు నువ్వు బస్తాల్తో దిగు నాయనా, నిలబడిందంటే రేపట్నించి మేం ఎక్కుతాం" అనేదాన్ని. రైతులు తిట్టేవాళ్ళు, టైము పోతందని. ఒకాయన "మేస్త్రమ్మా, రేపట్నించి వేరే ముఠాని పిలుచుకుంటా" అన్నాడు. పిలుచుకోండి బాబూ, వాళ్ళ ప్రాణాలు మీ పూచీ అన్నా. ఇరవై మందిమీ అక్కడే చెట్ల కింద కూర్చున్నాం. కాయేమో పండి రాలిపోతంది. మర్నాడు ఆయనే వచ్చాడు. నలభై ఏళ్ళలో బండి వల్ల ఒక్క మనిషిని పోగొట్టుకోలా నేను. ఇంకెవరు చెప్తారో చెప్పమను ఆ మాట.

అందుకని ఆ తెల్ల బండిని గూడా దింపి చూపించమన్నా. జగ్గయ్యపేట అవతల సున్నపురాయి క్వారీ కాడ పాత రోడ్డు ఉంది గదా, నిటారుగా ఉంటది. గది తగిలించి, ట్యాంకు నింపించి, మా నలుగురి బదులు ఇసక బస్తాలేయించా. కోటమ్మకి ఒకటి ఎక్కువే వేయించాన్లే, అది వినకూడదు. బండ్ల ఆయన గూడా వచ్చాడు, ముసిముసిగా నవ్వుతున్నాడు. "మామ్మగారూ, దిగేది అదే దిగిద్ది గదండీ, ఎక్కటం కావాల గానీ" అంటాడు. "దిగటానికేముంది బాబూ, రాయి గూడా దిగిద్ది" అన్నా.

మీ మావయ్యకి చెప్పా, రెండో గేరులో పెట్టు, కాలు బ్రేకు మీంచి తీయి, ఇంజనే పట్టి ఆపాల అని. తీసాడు. నాలుగు బారలు పోయిందో లేదో గది తోక ఊపటం మొదలెట్టింది. బండి తేలిక, గది బరువు. మేకపిల్లకి దున్నని కట్టినట్టు. ఇంక వాడు బ్రేకు తొక్కుడే తొక్కుడు. కిందికొచ్చేసరికి కమురు వాసన. వాడి మొహంలో నెత్తురు లేదు.

తర్వాత అదే ఆయన దగ్గర మూలనున్న బూడిదరంగుది చూసాం. డోరుకి సొట్ట, సీట్లు చిరిగినయ్. బరువైన బండి, పొడుగు బండి. అదే రోడ్డు, అవే బస్తాలు. రెండో గేరులో గుర్రుమని మూలుక్కుంటా దిగింది, వాడు బ్రేకు ముట్టుకోలా. సగంలో ఆపి హ్యాండు బ్రేకు వేయమన్నా. ఇంచి గూడా జరగలా. "ఇదే" అన్నా. "సొట్టుందమ్మా..." అని నసిగాడు మీ మావయ్య. సొట్ట మీద కూర్చుంటామా ఏంటి? గదికి గూడా సొంతంగా బ్రేకులు పెట్టించిందాకా బయల్దేరనివ్వలా. ఇంకోటి, బండి కదిలేటప్పుడు గదిలో ఎవరూ ఉండకూడదని చెప్పా, అందరం ముందు బండిలోనే.

ఎక్కటం ఏముందే, అందరూ ఎక్కుతారు. మబ్బులు చూసాం, నిజంగానే కిందున్నయ్. కోటమ్మ గంటగంటకీ దర్జాగా గదిలోకి వెళ్ళి వచ్చేది. దారంతా నీళ్ళు తాగింది, సీసాలకి సీసాలు.

అసలు సంగతి దిగేటప్పుడు. ఘాట్ రోడ్డు సగంలో ఉన్నాం, కోటమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మరియమ్మా, కొంచెం కిందికి పోయిందాకా ఆపుకుంటాలే" అంది. నాకు ఎంత కోపమొచ్చిందో! "ఆపరా బండి" అన్నా. మలుపు దాటాక కాస్త వెడల్పుంటే ఆపాడు, ఆ పల్లంలోనే. నిలబడింది బండి, రాయి నిలబడ్డట్టు. చక్రాలకి రాళ్ళు పెట్టాం. గది వెనక సగం రోడ్డు మీదే ఉంది, పక్క నించి పోటానికి లేదు. కోటమ్మ లోపలికెళ్ళి గడియేసుకుంది.

వెనక కార్లు. పది, ఇరవై. ఒకటే హారన్లు. నేను దిగి రోడ్డుకి అడ్డంగా నిలబడి చెయ్యి పైకెత్తా. ఒక కుర్రాడు తల బయటపెట్టి అరిచాడు, "ఏంటి మామ్మా, ఎంతసేపు?" అని. "మా మనిషి లోపలుంది. వచ్చినాక పోదురు గాని. నలభై ఏళ్ళు ఆగాం బాబూ మేం, నువ్వు అయిదు నిమిషాలు ఆగలేవా?" అన్నా. వాడికేం అర్థమయిందో ఏమో గానీ హారను ఆపాడు. వెనకోళ్ళూ ఆపారు.

కోటమ్మ వచ్చింది. చేతులు కొంగుకి తుడుచుకుంటా ఆ కార్ల వరస చూసింది. "ఇంతమంది ఎందుకాగారే?" అంది. "నీ కోసమే" అన్నా. నమ్మలా. మళ్ళీ చూసింది. ఇంక ఏం చేసిందనుకున్నావు? గబగబా బండెక్కలా. అక్కడే నిలబడి, కొంగు సర్దుకుని, తాపీగా ఆ లోయంతా చూసింది. నేనూ తొందరపెట్టలా.

చాల్లే, ఆపెయ్యి. రా, ఇట్టా రా, తల మీద చెయ్యి పెట్టనీ. నిండు నూరేళ్ళు బతుకు తల్లీ. రేపు ఏ ఊళ్ళో ఉద్యోగానికి పోయినా, జీతమెంతని తర్వాత అడుగు, ముందు ఆడోళ్ళకి లెట్రిను ఎక్కడుందని అడుగు. గట్టిగా అడుగు, అందరూ వినేట్టు.