ఓడలో రెండు రోజులు

ప్రత్తిపాడు నుంచి గుంటూరు వెళ్ళే బస్సులో, నా ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు.

"వదినా, నువ్వు పోయినేడు ఓడెక్కావుగా. మా అమ్మాయి ఫెబా ఇప్పుడు నాకూ టికెట్ తీసింది. చెన్నైలో ఎక్కి, ఏ ఊళ్ళో దిగాలి?"

"ఎక్కడా దిగవు. రెండు రోజులు సముద్రంలో తిప్పి మళ్ళీ చెన్నైలోనే దించుతారు."

"మరెందుకు వెళ్ళటం?"

"హాయిగా ఉండటానికి. మొదటి పూటే ఎక్కువ తినకు, కడుపులో తిప్పుతుంది. తెల్లారేసరికి పైకెక్కి సూర్యుణ్ణి చూడు."

"వంట?"

"వాళ్ళే చేస్తారు."

"గిన్నెలు?"

"వాళ్ళే తోముతారు."

"మరి నేనేం చెయ్యాలి?"

"కుర్చీలో కూర్చో."

"పగలంతానా? మిరపచేలో కాసేపు కూలబడితేనే మేస్త్రీ అరుస్తాడు. అక్కడ ఎవరూ ఏమీ అనరా?"

"అనరే. ఆ సంగతి తెలియక నేను మొదటి రోజంతా నిలబడే ఉన్నాను."