కూరాబిన్ వందేళ్ల జట్టులో ఎల్వా మాట

ఎల్వా పిల్లలకి, మనవలకి, కూరాబిన్ ఫుట్‌బాల్ క్లబ్ పెద్దలకి, నెట్‌బాల్ అమ్మాయిలకి, గోధుమ విత్తడం ఆపుకుని మరీ వచ్చిన మీ అందరికీ నమస్కారం. టర్లింగా నుంచి కూడా రెండు కార్ల నిండా మనుషులొచ్చారు. ఏటా మనతో కొట్లాడే ఊరు. ఎందుకొచ్చారో మనకి తెలుసు. ఆ సంగతికి వస్తాను.

మిత్రులారా, మంగళవారం పొద్దున ఎల్వా ట్రెజైస్ మనల్ని వదిలి వెళ్లిపోయింది. ఎనభై మూడేళ్లు. నలభై నాలుగు సీజన్లు మన మైదానం పక్కనున్న ఆ రేకుల గదిలో గడియారం ముందు కూర్చుంది. మ్యాచ్ మొదలైనా ఆవిడ సైరనే, ముగిసినా ఆవిడ సైరనే. నేను క్లబ్ ప్రెసిడెంట్‌ని కాబట్టి మాట్లాడమన్నారు. నిజం చెప్పనా? ఈ హాల్లో మాట్లాడే అర్హత అందరికంటే తక్కువున్నవాణ్ణి నేనే. పదకొండు వారాలుగా నేనావిడతో మాట్లాడలేదు. ఎదురొస్తే రోడ్డు దాటాను. ఈ మైకు దగ్గర ఇటూ అటూ తిరుగుతుంటే ఏమీ అనుకోకండి.

డెబ్బై ఎనిమిదో సంవత్సరం ఫైనల్ ఎంతమందికి గుర్తుంది? చేతులెత్తక్కర్లేదు. అందరికీ గుర్తే. మనం మూడు పాయింట్లు ముందున్నాం, ఒక్క గోల్ పడితే వాళ్లకి ఆరు. పద్దెనిమిది సెకన్లు మిగిలాయి. బంతి టర్లింగా వాళ్ల చేతిలో ఉంది, మన గోల్ వైపే వస్తోంది. మనవాళ్లు నలుగురు వెళ్లి ఆ గది తలుపు దబదబా బాదారు. "నొక్కెయ్ ఎల్వా! నొక్కెయ్!" పక్కన కూర్చున్న టర్లింగా టైమ్‌కీపర్ ఆట చూడ్డంలో మునిగిపోయి గడియారం సంగతే మర్చిపోయాడు. నొక్కితే అడిగే దిక్కు లేదు. ఆవిడ నొక్కలేదు. పదకొండో సెకన్లో వాళ్లు గోల్ కొట్టారు. కొట్టినవాణ్ణి ఆపాల్సింది ఎవరు? క్లారీ ట్రెజైస్. ఆవిడ సొంత మొగుడు.

కప్పు టర్లింగాకి పోయింది. ఆ ఏడాదంతా బేకరీలో ఆవిడ వంతు వచ్చేసరికి రొట్టెలు అయిపోయేవి. చర్చిలో ఆవిడ పక్కన బెంచీ ఖాళీగా ఉండేది. మా ఇంట్లో కూడా ఆవిడ పేరెత్తేవాళ్లం కాదు. క్లారీ మాత్రం ఆ సాయంత్రం ఇంటికెళ్లి, కూర వేడిచేసి, ముందు ఆవిడకి వడ్డించాడట. సైరన్ ఎందుకు నొక్కలేదని ఎవరడిగినా ఎల్వా ఒకటే అనేది. "ఇంకా పద్దెనిమిది సెకన్లున్నాయి కదా." అంతే. ఇంకో మాట ఉండేది కాదు.

ఇక ఈ జట్టు గొడవ. క్లబ్‌కి వందేళ్లు నిండుతున్నాయని, ఇన్నేళ్లలో ఆడినవాళ్లందరిలోంచి మేటి జట్టుని ఎంచాలనుకున్నాం. మైదానంలో పద్దెనిమిది మంది, బెంచి మీద నలుగురు. కమిటీ ముగ్గురం. నేను, పాత కోచ్ కెవ్ డూలీ, ఎల్వా. మనం రాసుకెళ్లిన మొదటి జాబితా గుర్తుందా కెవ్? పద్నాలుగు మంది బంతి వెనకాల పరిగెత్తేవాళ్లే. అందులో డూలీలు ఐదుగురు! ఎల్వా కళ్లజోడు సర్దుకుని మొత్తం చదివింది. "బాగానే ఉంది. బంతి మన గోల్ మీదికొస్తే ఆపేదెవరు, మీ పెళ్లాలా?" అంది.

సంగతి ఊళ్లో పొక్కింది. ఆవిడ గుమ్మంలో గుమ్మడికాయలు ప్రత్యక్షమయ్యాయి. జామ్ సీసాలొచ్చాయి. ఎవరో సగం గొర్రెని కూడా పంపారు. ఎవరో నాకు తెలుసు, అలా కింద చూడకు. ఎల్వా అన్నీ పుచ్చుకుంది. జాబితాలో ఒక్క పేరు కూడా కదల్లేదు. ఆ గుమ్మడికాయలతోనే సూప్ కాచి, ఇది ఎవరి కాయో చెప్పి మరీ మాకు పోసింది.

చివరికి ఒక్క స్థానం మిగిలింది. ఫుల్ ఫార్వర్డ్. గోల్ ముందు నిలబడి గోల్స్ కొట్టేవాడు. దానికి కమిటీ ఎందుకు, చర్చ ఎందుకు అనుకున్నాను నేను. మా నాన్న మెర్వ్ నోస్కే ఆరు వందల పన్నెండు గోల్స్ కొట్టాడు. ఈ క్లబ్‌లో ఇంకెవరు కొట్టారు అన్ని? ఎవరూ లేరు. మరి ఎల్వా ఎవరి పేరు చెప్పింది? లెస్ హానిఫిన్. రెండు వందల నలభై గోల్స్. మా నాన్నని బెంచి మీద కూర్చోబెట్టింది. బెంచి మీద!

ఎల్వా దగ్గర ప్రతి మ్యాచ్‌కీ ఒక పేజీ ఉండేది. ఏ గోల్ ఎవరు కొట్టారు, ఏ నిమిషంలో కొట్టారు, అప్పటికి ఎవరు ముందున్నారు, అన్నీ రాసుకునేది. ఆ పుస్తకాలు నా ముందు పెట్టింది. "మీ నాన్న ఆట నాకెంతో ఇష్టం గ్రెహామ్. కానీ మ్యాచ్ బిగుసుకున్నప్పుడు గోల్ కావాలంటే నేను లెస్ కోసమే చూసేదాన్ని" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. నేనేమన్నానో మీరు వినాలి, దాచుకుని ఇక్కడ నిలబడలేను. "ఒక కప్పు పోగొట్టావు, అది చాల్లేదా? ఇప్పుడు మా నాన్న పేరు కూడా కావాలా?" అన్నాను. ఆవిడ నా వైపు చూసి, "టీ చల్లారిపోతోంది" అంది. నేను టీ తాగకుండా వచ్చేశాను. మా నాన్నకి ఇస్తే ఫుల్ ఫార్వర్డ్ ఇవ్వండి, లేకపోతే జట్టులోనే వద్దని కబురు పంపాను. అదే ఆఖరు.

ఆవిడ పోయిన మర్నాడు కెవ్ నా దగ్గరికొచ్చాడు. "ఇక మనిద్దరమే. నువ్వెలాగంటే అలాగే" అన్నాడు. క్లబ్ గోడ మీద పెట్టే ఈ జట్టు బోర్డు రాసే అతనికి సోమవారం పేర్లివ్వాలి. అంటే చూడండి, ఆవిడ పోవడం నాకు కలిసొచ్చింది. ఈ ముక్క మూడు రోజులుగా నన్ను కూర్చోనివ్వట్లేదు.

అందుకే ఎల్వా కూతురు జోయన్ దగ్గర ఆ పుస్తకాలు అడిగి తెచ్చుకున్నాను. ఎందుకు? తప్పు పట్టుకోవడానికి. సిగ్గేస్తోంది, అయినా చెప్తున్నాను. ఒక్క తప్పు దొరికినా చాలనుకున్నాను. ముందుగా మా నాన్న ఒక్క సీజన్‌లో వందో గోల్ కొట్టిన రోజు తీశాను. అప్పుడు నాకు పదేళ్లు. జనమంతా మైదానంలోకి ఉరికారు, కార్ల హారన్లు ఆగలేదు, నేను పరిగెత్తుకెళ్లి నాన్న కాలు పట్టుకున్నాను. ఆ రోజు మా నాన్నే గెలిపించాడని ఇన్నేళ్లుగా చెప్తున్నాను. మీలో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

పేజీలో ఏముందో తెలుసా? సగం ఆటకి లెస్ ఐదు గోల్స్. మా నాన్న ఒకటి. మనం యాభై ఆరు పాయింట్లు ముందు. సగం ఆట తర్వాత లెస్‌ని వెనక్కి పంపారు. మా నాన్న ఆరు గోల్స్ కొట్టి వంద పూర్తి చేశాడు. లెస్ తన చోటు వదిలి అవతలి చివర నిలబడ్డాడు, అందుకే మా నాన్నకి ఆ రోజు దక్కింది. లెస్, నువ్వా వెనక తలుపు దగ్గరే ఉన్నావు, ఎప్పుడు జారుకుందామా అని. ఇన్నేళ్లలో ఒక్కసారైనా చెప్పొచ్చు కదయ్యా!

మిగతా పేజీలు కూడా చూశాను. చాలా పేజీలు చూశాను. తప్పు దొరకలేదు.

మా నాన్నంటే నాకు ప్రాణం. ఇప్పటికీ అంతే. ఆ వంద గోల్స్ ఆయన కాలితో కొట్టినవే, ఎవరూ తీసెయ్యలేరు. కానీ ఎల్వా మాట తీసేసి, ఆవిడ కుర్చీ ఖాళీ అయిందని ఆ బోర్డు మీద మా నాన్న పేరు పైకి జరిపితే, దాని కింద నేను ఎలా తిరగను?

కెవ్, రాసుకో. ఫుల్ ఫార్వర్డ్, లెస్ హానిఫిన్. బెంచి మీద, మెర్వ్ నోస్కే. ఎల్వా చెప్పినట్టే.

ఎల్వా, ఈ మాట నీకు నీ వంటింట్లో చెప్పాల్సింది. చెప్పలేదు. నన్ను క్షమించు.

అమ్మా, నీకు ముందే చెప్పలేకపోయాను. నాన్న పేరు పైన ఉంటుందని అందరికీ చెప్పుకున్నావు, బోర్డు పెట్టే రోజుకని కొత్త కోటు కూడా కొనుక్కున్నావు. ఇదిగో ఇప్పుడు అందరి ముందు వింటున్నావు. కోపమొస్తే ఇంటికెళ్లాక తిట్టు. ఎల్వా కోసం ఒక్క నిమిషం మౌనంగా నిలబడమని ఇప్పుడు అందరినీ అడగాలి. నిన్నూ అడగాలి. నువ్వు లేవకపోతే నేనేమీ...

అమ్మ లేచింది. నేనింకా అడగనే లేదు, అమ్మ లేచి నిలబడింది.

దయచేసి అందరూ లేవండి.